నిద్ర - భరన్యాసము

శబరీనది యొడ్డున చింతూరను గ్రామము కలదు. ఒడిశా కొండలలో కొలాబ్ అను పేరుతో పుట్టిన ఆ నది, మోటు వద్ద సీలేరును కలుపుకొని, చింతూరు మీదుగా ప్రవహించి, కూనవరము వద్ద గోదావరిలో లీనమగుచున్నది. భద్రాద్రి రాముని సేవింప బస్తరు వైపునుండియు, మారేడుమిల్లి కనుమదారినుండియు వచ్చు యాత్రికులకు ఇది దారిలోని మజిలీ. నది పేరు చెవిని పడగానే ఎన్నడో రాముడు వచ్చునని నమ్మి, ఆశ్రమమున దారి చూచుచు ముదిమిని గడపిన శబరి మనస్సున మెదలును.

శబరి ఎదురుచూపు సుఖమైన మెలకువ. వచ్చువాడు రాముడు గనుక. అదే నది యొడ్డున మఱియొక విధమైన మెలకువయు కలదు. గోదావరికి వఱద వచ్చినపుడు శబరి నీరు ముందునకు పోలేక వెనుకకు తన్నును. అప్పుడు చింతూరు ప్రాంతపు పల్లెలలోనికి నీరు చొచ్చును, దారులు తెగును. 1986వ సంవత్సరము ఆగస్టు మాసమున భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగుల యెత్తునకు లేచినది. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురనిన, ఆ నీటి యెత్తు ఎంతటిదో పాఠకులు ఊహింపవచ్చును.

అట్టి వఱదను చూచిన ఒక ముదుసలిని భావించుకొందము. నీరు తీసినది, ఇల్లు కడుగుకొన్నారు, నులకమంచము మరల వసారాలో వేసికొన్నారు. కాని రాత్రి దీపమార్పగానే ఆమెకు నీటి చప్పుడు వినవచ్చును. వాన చినుకు పడిన లేచి కూర్చుండును. కన్ను మూసినచో నీరు మంచము క్రిందికి వచ్చునేమో, ప్రక్కన నిద్రించు మనుమలను లేపువారెవరని భయము. నిత్యము రామనామము చెప్పుకొను ఇల్లాలు ఆమె. అందువలన ఆమెకు భయముకంటె పెద్ద దుఃఖ మొకటి పట్టుకొన్నది. “రాముడు కాపాడునని పగలు నోటితో అనుచున్నాను; రాత్రి కన్నుమూయలేకున్నాను. నా నమ్మిక బూటకము కాదా?” అని. ఈ ప్రశ్న ఆ యొక్క ముదుసలిది మాత్రమే కాదు. రోగి ప్రక్కన కూర్చున్నవారిది, అప్పు తీరనివారిది, దూరదేశమున బిడ్డ యున్న తలిదండ్రులది. దీనికి పెద్దలేమని సమాధానము చెప్పిరో విచారింతము.

మొట్టమొదట తెలిసికొనవలసినది, నిద్ర పాపము కాదు, నిద్రకై కోరుట బలహీనతయు కాదు. చరకాచార్యుడు దేహమను ఇంటికి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడు ఊతకంబములను చెప్పినాడు. గీతాచార్యుడు ఆఱవ అధ్యాయమున, అతిగా నిద్రించువానికి యోగము సిద్ధింపనట్లే, అతిగా మేలుకొనువానికిని సిద్ధింపదని స్పష్టముగా ఉపదేశించినాడు. ఈ మాట విన్నవాడు అర్జునుడు. నిద్రను జయించినవాడు గనుక గుడాకేశుడని పేరొందినవాడు. అట్టివానికే మితమైన నిద్రను విధించినపుడు సామాన్యుల మాట చెప్పనేల?

శయనించు విధమును గూర్చి విష్ణుపురాణమున ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి బోధించినాడు. సాయంకాలము భుజించి, పాదములు కడుగుకొని, విఱుగనిదియు, ఇఱుకు కానిదియు, ఎగుడుదిగుడు లేనిదియు, మలినము కానిదియు, పురుగులు చేరనిదియు అగు శయ్యపై, తూర్పునకు గాని దక్షిణమునకు గాని తలయుంచి పరుండవలెను. ఈ నియమములు చాలును. ఒకరికి నవారుమంచము హాయి, ఒకరికి నేలపై చాప హాయి. ఒకరికి తలగడ ఎత్తుగా నుండవలెను, ఒకరికి మోచేయియే తలగడ. ఒకరికి చీకటి కావలెను, ఒకరికి మూలనున్న చిన్న దీపము కావలెను. శాస్త్రము వీనిని తప్పు పట్టలేదు. శుచిత్వమును, మితమును మాత్రమే కోరినది. నేటి గృహములలో మాత్రము ఒక క్రొత్త అలవాటు చేరినది. పడకమీద సెల్ ఫోను వెలుగు అర్ధరాత్రి దాటినను ఆఱుట లేదు. ఏకాదశినాడు హరికొఱకు జాగరము చేయుమనిన అలసితిమనువారు, తక్కిన దినములలో దేనికొఱకో తెలియక జాగరము చేయుచున్నారు. ఇది నిద్ర రాకపోవుట కాదు, వచ్చిన నిద్రను వాకిటనుండి పంపివేయుట.

చింతూరి ముదుసలి స్థితి యిది కాదు. ఆమె నిద్రను పిలుచుచున్నది, అది వచ్చుట లేదు. ఇట్టివారి నిమిత్తము రామాయణము అయోధ్యాకాండమున రెండు రాత్రులు కలవు.

మొదటిది తమసాతీరపు రాత్రి. రాముని విడువలేక వెంబడించిన అయోధ్యాపురజనులు నడచి నడచి అలసి, చెట్లక్రింద ఒడలు మఱచి నిద్రించిరి. తెల్లవారకముందే లేచిన రాముడు వారిని చూచినాడు. తమ యిండ్లను మఱచి వృక్షమూలములలో పడియున్న ఆ జనులపై ఆయనకు జాలి కలిగినది. వారు మేల్కొన్నచో ప్రాణములైన విడుతురుగాని వెనుదిరుగరని యెఱిగి, వారిని లేపక సాగిపోయెను. తెల్లవాఱిన పిమ్మట వారు తమ నిద్రను తామే నిందించుకొనిరి. కాని రాముడు నిందించినాడా? లేదు. అలసినవారి నిద్ర ఆయనకు అపచారముగా తోపలేదు, దయకు పాత్రముగా తోచినది. జపము చేయుచు మాల చేతనుండగనే కునికి, తెల్లవారి పశ్చాత్తాపపడు వృద్ధభక్తులు ఈ ఘట్టమును మనస్సున నుంచుకొనవలెను.

రెండవది శృంగిబేరపురమున గంగాతీరపు రాత్రి. ఇంగుదీవృక్షము క్రింద, గడ్డిపఱుపుపై సీతారాములు శయనించిరి. లక్ష్మణుడు విల్లు పట్టి నిలిచెను. అడవిజనుల యేలిక గుహుడు వచ్చి, “నీ కొఱకు శయ్య సిద్ధము చేసితిమి, పరుండుము, అడవిలో కష్టములకు మేమలవాటుపడినవారము, మేము కాచెదము” అను భావమున ప్రార్థించినాడు. లక్ష్మణుడంగీకరింపలేదు. సీతతో గూడ అన్న నేలపై పరుండియుండ తన కన్ను ఎట్లు మూతపడునని కన్నీరు పెట్టినాడు. ఇరువురును మాటలాడుకొనుచు తెల్లవార్లు మేలుకొనియుండిరి.

ఇచ్చట గమనింపవలసినది, లోకములను కాచువాడు ఆ రాత్రి తాను కాపలాలో నిద్రించినాడు. తనకు కాపలా అక్కఱయా? అక్కఱ లేదు. ఐనను ఇతరుల ప్రేమయందు తన భారముంచి కన్ను మూయుట ఎట్లో మానవులకు తాను చేసి చూపినాడు. నిద్రించుట అనగా, ‘నేను చూడకున్నను నన్ను చూచువారున్నారు’ అని అంగీకరించుట. ఆ యంగీకారమే పెరిగి పెద్దదైనచో శరణాగతి యగును.

మఱియొకటి. లక్ష్మణుని నిద్రలేమి, ముదుసలి నిద్రలేమి పైకి ఒకటే. ఇరువురును తమవారికొఱకే మేలుకొన్నారు. ముదుసలి భయములో మనుమలపై ప్రేమ కలదు. కావున ఆమె నమ్మిక బూటకము కాదు. ప్రేమ ఎక్కువయై కాపలాను విడువనేరకున్నది, అంతియే. లక్ష్మణుని చెంత గుహుడున్నాడు. ఆమె చెంత ఎవరును లేరు. భేదమిదియే. తెలుగు స్త్రీలు పాడుకొను ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఈ మర్మమునే మఱియొక రీతిని చెప్పుచున్నది. వాల్మీకమున లేని ఆ కథలో, లక్ష్మణుడు పదునాలుగేండ్లు మేలుకొనియుండగా, అయోధ్యలో ఊర్మిళ పదునాలుగేండ్లు నిద్రించినది. ఒకరి మెలకువ వెనుక మఱియొకరి నిద్ర నిలిచియున్నదని మన యిల్లాండ్రు శాస్త్రము చదువకయే గ్రహించిరి.

ఇక నిద్రలో జీవుడెచ్చట నుండునని వేదాంతము విచారించినది. ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు బోధించుచు, దారముతో కట్టబడిన పక్షి దిక్కుదిక్కులకు ఎగిరి, ఎచ్చటను ఆశ్రయము దొరకక, కట్టిన చోటికే వచ్చి వాలునట్లు, అలసిన మనస్సు తన మూలమునందే వాలుననియు, సుషుప్తిలో జీవుడు సద్వస్తువుతో కూడుననియు చెప్పినాడు. బ్రహ్మసూత్రములందు ఈ విషయము వచ్చినపుడు భగవద్రామానుజులు శ్రీభాష్యమున చక్కని దృష్టాంతము నిచ్చిరి. నిద్రాస్థానముగా శ్రుతులు నాడులను, పురీతత్తను హృదయకోశమును, బ్రహ్మమును వేర్వేఱుగా చెప్పినవి. వీనిలో విరోధము లేదు. ఒకడు మేడలో నిద్రించెననియు, మంచముపై నిద్రించెననియు, పఱుపుపై నిద్రించెననియు అనవచ్చును గదా. నాడులు మేడ, పురీతత్తు మంచము, పరమాత్మయే పఱుపు. రాజైనను కూలియైనను, హంసతూలికపై పరుండినను శిబిరపు పట్టాపై పరుండినను, గాఢనిద్రలో ఒరుగు పఱుపు ఒక్కటే. ఐనను, పాతిపెట్టిన బంగారముపై నడచుచు దానినెఱుగనివారివలె, జనులు దినదినము ఆ సన్నిధికి పోయివచ్చియు దానినెఱుగకున్నారని ఆ యుపనిషత్తే వేఱొకచోట జాలిపడినది.

“నిద్రలో నేను ఆయనను తలపలేను గదా” అని శంకింపవచ్చును. దీనికి వరాహచరమశ్లోకము సమాధానము. మనస్సు స్వస్థముగా నున్నపుడు ఒక్కమాఱు తన్ను స్మరించినవానిని, వాడు కొయ్యవలె, ఱాతివలె స్మృతి తప్పి పడియున్నపుడు తానే స్మరించి పరమపదమునకు చేర్తునని స్వామి భూదేవికి అభయమిచ్చినాడు. అంత్యకాలమున కిచ్చిన ఆ మాట ప్రతి రాత్రియందును ఎట్లు చెల్లకుండును? తలచుట మన వంతు తీరినపుడు ఆయన వంతు వచ్చును.

ఈ యడవియే దానికి సాక్షి. భద్రాద్రి స్థలకథలో పోకల దమ్మక్క అను గిరిజన భక్తురాలికి స్వామి తన యునికిని స్వప్నమున తెలిపినాడు. పుట్టలోనున్న మూర్తులను ఆమె వెలికిదీసి, తాటిపండ్లు నివేదించి కొలిచినది. ఆలయము కట్టించి గోల్కొండ చెఱలో పడిన కంచర్ల గోపన్నకొఱకు, రామలక్ష్మణులు రాత్రివేళ తానీషా శయనాగారమునకు వెళ్ళి పైకము చెల్లించి, రసీదును నిద్రించుచున్న రామదాసు చెంత ఉంచిపోయిరని భక్తులు చెప్పుకొందురు. పండ్రెండేండ్లు మేలుకొని మొఱలిడినవానికి అనుగ్రహము నిదురించు ఘడియలో వచ్చినది. మేలుకొన్నందువలన వఱద తగ్గదు, నిద్రించినందువలన రక్ష తొలగదు.

కావుననే మన ఆలయములలో రాత్రి పవళింపు సేవ కలదు. తిరుమలలో ఏకాంతసేవయందు భోగశ్రీనివాసమూర్తిని, ధనుర్మాసమున శ్రీకృష్ణుని పాన్పుపై పవళింపజేసి, అన్నమాచార్యుల వంశీయులు జోల పాడుదురు. యోగనిద్రయందు కన్నులు మూసియు సర్వమును చూచువానికి జోలయా? ఔను. దినమంతయు మనలను మోసినవానిని నిద్రబుచ్చి, ‘నీవు విశ్రమించితివి, మేమును విశ్రమింతుము’ అని అనుమతి పొందుట అది. పాంచరాత్రాగమము దినమును అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని అయిదు కాలములుగా విభజించినది. చివరిదైన యోగమున భగవంతుని ధ్యానించుచు ఆయనయందే ఒదిగి నిద్రించుట చేరియున్నది. అనగా శ్రీవైష్ణవునకు నిద్ర ఆరాధన ముగిసిన పిమ్మట మిగిలిన కాలము కాదు, ఆరాధనలో ఒక భాగము.

ఇంతయు విన్నను ముదుసలికి ఆ రాత్రియే నిద్ర వచ్చునని చెప్పరాదు. భయము ఒక ప్రవచనముతో పోవునది కాదు. చరకుడు పగటినిద్రను సామాన్యముగా నిషేధించియు, వృద్ధులకు, బాలురకు, జాగరముచే, శోకముచే, భయముచే క్రుంగినవారికి దానిని అనుమతించినాడు. నిద్రపట్టనివారికి తైలాభ్యంగము, స్నానము, పాలు, మనస్సున కింపైన పలుకులు, సుఖశయ్య విధించినాడు. బహుదినములు నిద్రరానిచో వైద్యుని చూపుట ధర్మమే. అది నమ్మికకు లోటు కాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది ఇంటివారి కర్తవ్యము. “రాముడున్నాడు, పరుండుము” అని చెప్పి తాము గుఱ్ఱుపెట్టుట చాలదు. రాముడున్నాడనుట నిజమే. ఆ రాముడు గుహుని రూపమున వచ్చుట వాడుక. వానకాలపు రాత్రి ఇంటిలో ఒకరు వంతు తీసికొని, పాదములు కడుగుకొన్న ఆ ముదుసలి చెంత కూర్చుండి, “అమ్మా, ఈ రాత్రి నీటిని నేను చూచెదను, నీవు పరుండుము” అనవలెను. ఆ మాటకు ఆమె మొదట ఒప్పుకొనదు, లక్ష్మణుడు ఒప్పుకొన్నాడా? ఐనను రెండవ రాత్రియు అనవలెను, మూడవ రాత్రియు అనవలెను. ఏదో ఒక రాత్రి రామనామము పెదవులమీదనే ఆగిపోవును. మాల ప్రక్కన జాఱిపోవును. దానిని మెల్లగా తీసి పీఠముపై నుంచి, దుప్పటి కప్పి, కుమారుడు వసారాలో కూర్చుండును. అతడు చేయునది చిన్న పని కాదు, గంగాతీరమున ఆ యిరువురు చేసిన సేవయే.

ఇంగుదీవృక్షము నీడను కావలివారి ప్రేమయందు నిద్రించిన శ్రీరామచంద్రుడు, శబరీతీరమున వఱదకు జంకు వారికిని, నలుదిక్కుల కునుకు పట్టని వారికిని సుఖనిద్రను, వారిని కాచువారికి గుహుని హృదయమును అనుగ్రహించుగాక!