సూదిలో దారం ఎక్కించిన చెయ్యి



ఇంట్లో ఒకరికి చూపు తగ్గితే డాక్టరు కంటే ముందు ఇరుగుపొరుగు మాట గుమ్మం దాటి వస్తుంది. “పోయిన జన్మలో ఏం పాపం చేశాడో” అంటారు. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా ఈ మాట ఇంకా చావలేదు. బాబాసాహెబ్‌ను చివరి సంవత్సరాల్లో షుగర్ వేధించింది, చూపు మందగించింది. ఆయన ఏ పాపం చేశారో చెప్పమనండి! మనల్ని ఊరి బయట ఉంచింది కూడా ఈ పూర్వజన్మ కర్మ మాటే కదా. అందుకే ఆయన 1957లో వెలువడిన ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో దాన్ని తోసిపుచ్చారు.

ధమ్మం పాపాన్ని వెతకదు, కారణాన్ని వెతుకుతుంది. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు, మందులతో మిగిలింది కాపాడుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కళ్ల పరీక్ష చేయించుకోవాలి.

మరి, పోయిన చూపుతో బతికేదెట్లా? చైనా భాషలో నిలిచిన ఆగమ గ్రంథాల్లో ఒక కథ ఉంది. అనురుద్ధ భిక్షువుకు కళ్లు పోయాయి. ఒకనాడు చిరిగిన చీవరం కుట్టుకుంటూ సూదిలో దారం ఎక్కించలేకపోయాడు. పుణ్యం కోరేవాళ్లెవరైనా సాయం చేస్తారా అనుకున్నాడు. బుద్ధుడే వచ్చి దారం ఎక్కించాడు.

ఈ కథలో బుద్ధుడు “ఇకమీదట నువ్వు కుట్టకు” అనలేదు. ఎక్కడ కన్ను కావాలో అక్కడ తన కన్ను ఇచ్చాడు. జాలికీ కరుణకీ తేడా అక్కడే ఉంది. జాలి మనిషిని మూల కూచోబెడుతుంది. కరుణ పక్కన కూచుని పనిలో చెయ్యి కలుపుతుంది.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. ఒక జంటను ఊహించుకోండి. ఇంటి మరమ్మతులన్నీ ఇన్నాళ్లూ భర్తే చేశాడు. యాభై దాటాక నీటికాసులతో చూపు చాలావరకు పోయింది. వంటింట్లో కొళాయి కారుతోంది. భార్య పానా పట్టుకోబోతే “ఆడదానివి, నీకేం తెలుసు” అంటాడు. అతను లేవబోతే “నువ్వు కూచో, దెబ్బ తగిలించుకుంటావు” అంటుంది ఆమె. కొళాయి మాత్రం కారుతూనే ఉంటుంది.

ఇద్దరూ కలిస్తే ఆ పని ఎంతసేపు? ట్యాంకు నుంచి వచ్చే వాల్వు ఆమె కట్టేస్తుంది. అతను తడుముతూ కొళాయి విప్పుతాడు. వాషర్ అరిగిందో లేదో అతని వేళ్లు చెబుతాయి. దుకాణంలో సైజు చూసి తెచ్చేది ఆమె. రెండోసారి ఆమె విప్పుతుంది, అతను చెబుతుంటాడు. కరెంటు పనిలో మాత్రం ఇద్దరికీ మొండి ధైర్యం వద్దు. తెలిసినవాళ్లను పిలవండి.

సిగాలోవాద సుత్తంలో భర్త చేయాల్సినవి ఐదు చెప్పారు. వాటిలో ఒకటి, భార్యకు ఇంటి అధికారం అప్పగించడం. అధికారమంటే బీరువా తాళాలొక్కటేనా? పానా, సుత్తి, నిచ్చెన కూడా అధికారమే. పుట్టుకను బట్టి పని అంటగట్టేది కులం. ఆడపని, మగపని అనేది కూడా ఆ చెట్టు కొమ్మే. ఇంట్లో ఆ కొమ్మను నీళ్లు పోసి పెంచుతూ వీధిలో కుల నిర్మూలన మాట్లాడితే ఎవరు నమ్ముతారు?

సేదక సుత్తంలో వెదురుగడ మీద ఆడే గురుశిష్యులున్నారు. “నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా” అన్నాడు గురువు. “కాదు, ఎవరి జాగ్రత్త వాళ్లం పడదాం, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతాం” అన్నాడు శిష్యుడు. బుద్ధుడు శిష్యుడి పద్ధతిని మెచ్చాడు. తనను కాపాడుకుంటే ఎదుటివాళ్లను కాపాడినట్టే, ఎదుటివాళ్లను కాపాడితే తనను కాపాడుకున్నట్టే అని బోధించాడు. నిచ్చెన ఎక్కినవాళ్లూ, కింద పట్టుకున్నవాళ్లూ ఇద్దరూ ఆ మాట గుర్తుపెట్టుకోవాలి. ఎరుకతో ఉండటమంటే కళ్లు మూసుకుని కూచోవడం ఒక్కటే కాదు.

ఈ వారమే చేయదగ్గ పనులు నాలుగున్నాయి. మెట్ల అంచులకు తెల్లరంగు వేయండి. సామాను తీసినచోటే పెట్టండి. తలుపు సగం తెరిచి వదలొద్దు, చూపు లేనివాళ్లకు తగిలేది ఆ సగం తలుపే. నలభై శాతం, ఆపైన లోపం ఉంటే వైకల్య సర్టిఫికెట్ తీసుకోండి, పింఛనుకు అదే ఆధారం. అది భిక్ష కాదు, హక్కు.

ఆదివారం వందన అయ్యాక మీ విహారంలో ఒకమాట అడగండి, మన వీధిలో చూపు తగ్గినవాళ్లు ఎవరున్నారని. వాళ్లింటికి వెళ్లండి. పని లాక్కోకండి. సూదిలో దారం ఎక్కించి చేతికివ్వండి. కుట్టు వాళ్లు వేసుకుంటారు.

జైభీమ్! నమో బుద్ధాయ!