దూబగుంట ఆడవాళ్లు

నెల్లూరు జిల్లాలో బోగోలుకు పడమరన, కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడ పగలంతా కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు పలకా బలపం పట్టారు. వాళ్లు చదివే అక్షరదీపం వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. అందులో ఊరి ఆడవాళ్లంతా ఒక్కటై సారా కొట్టు మూయిస్తారు.

వీళ్లు చదివి ఊరుకోలేదు.

వీళ్లలో వర్ధినేని రోశమ్మ ముందు నడిచారు. దూబగుంటలో సారా అమ్మకం ఆగిపోయింది. 1992లో ఆ సెగ జిల్లా అంతటా పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని కదిలిన మహిళలు ఏకంగా సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. ఖజానాకు దండిగా రాబడి తెచ్చే వ్యాపారం కదా, సర్కారు అంత తేలిగ్గా దిగిరాలేదు. చివరికి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం రెండేళ్లకే సడలింది.

ఆ ఐక్యత అక్కడితో చెదిరిపోలేదు. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెడుతూ నెల్లూరు జిల్లా ఆడవాళ్లు ‘పొదుపులక్ష్మి’ సంఘాలు కట్టుకున్నారు.