సందేహము – ధర్మము

ప్రమాదములో దెబ్బతిన్న కారు బీమా సొమ్ముతో బాగుపడి యింటికి వచ్చినది. బిల్లులో కొత్త తలుపు వేసినట్లున్నది. గృహస్థుడు తలుపు తెరచి చూడగా అంచున తెల్లరంగు క్రింద నల్లని పూత కనబడినది. పాత తలుపునకు రంగువేసి బిగించిరేమో యను శంక అతని మనస్సున ప్రవేశించినది. "సొమ్ము బీమా కంపెనీది, నీకేమి నష్టము?" అనిరి ఇరుగుపొరుగువారు.

ఆ మాట ధర్మము కాదు. బీమా నిధి ప్రీమియము కట్టిన వారందరిది. పాత వస్తువును వాడుట దోషము కాదు; కొత్తదని చెప్పి వెల కట్టుట దోషము. లోపము గల సరకును, కప్పిపుచ్చిన సరకును అమ్మరాదని మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము విధించినది. పాతదానిని కొత్తదని చూపుట అనుచిత వ్యాపార పద్ధతియని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము పేర్కొన్నది.

అయినను శంక సాక్ష్యము కాదు. కొత్త తలుపులు తరచుగా ప్రైమరు పూతతోనే వచ్చును. పైరంగు షెడ్డులో వేయుదురు. ఆ నలుపు అదియే కావచ్చును. నిజము తెలియకయే మెకానిక్కును దొంగయని చాటుట, కష్టించి బ్రదుకువాని మంచిపేరును అపహరించుటయే.

మరి కర్తవ్యమేమి? అడుగుట. తలుపు కొన్న రసీదును, తీసివేసిన పాత తలుపును చూపుమని మర్యాదగా కోరవలెను. సంశయము తీరనిచో మరల పరిశీలింపుమని బీమా కంపెనీకి వ్రాయవలెను. ఆ ప్రశ్న నిర్దోషి పేరును నిలుపును. దోషికి దిద్దుకొను అవకాశమిచ్చును. మనస్సున దాచిన శంక తుప్పువంటిది. పైరంగు చెడకుండగనే లోని ఇనుమును తినివేయును.