పరహస్తమున మన చేవ్రాలు

ఒకరి పనిని వేరొకరు చేయవచ్చును. ఒకరి ధర్మమును వేరొకరు నెరవేర్పగలరా? ఈ ప్రశ్న పండితుల చర్చలకే తగినదని తోచవచ్చును గాని, బిడ్డలు విదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇది ఒక కాగితము రూపమున నేడో రేపో గడప తొక్కక మానదు. ఆ కాగితమే అధికారపత్రము. జనులు దానిని 'పవరు' అందురు. తెలంగాణమున ముఖ్తారునామా యనుటయు కలదు.

దాని పుట్టుక న్యాయమైనదే. కృష్ణా డెల్టాలో నాలుగెకరముల మాగాణియో, హైదరాబాదులో ఒక యిల్లో గలవాడు డల్లాసులోనో దుబాయిలోనో ఉద్యోగము చేయుచుండును. శిస్తు కట్టుటకును, కౌలు మాటాడుటకును మాటిమాటికి విమానమెక్కి రాలేడు. కావున తన పక్షమున వ్యవహరింపుమని యింటనున్న తమ్మునికో బావమరదికో వ్రాసి యిచ్చును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, విదేశవాసి తన పక్షమున దస్తావేజు దాఖలు చేయుటకై యిచ్చు అధికారపత్రమును నోటరీ యెదుటనో, న్యాయాధికారి యెదుటనో, భారత కాన్సలు యెదుటనో వ్రాసి ధ్రువపరపించుకొనవలయును. అది మన దేశమునకు చేరిన మూడు మాసములలో స్టాంపు సుంకము చెల్లింపవలయునని 1899 నాటి స్టాంపు చట్టము విధించుచున్నది. చేవ్రాలు నిజమైనదా యని చూచుటకు ఇన్ని కావళ్లు కలవు. చేవ్రాలు చేసినవారు తామేమి యిచ్చుచున్నారో యెరిగి యిచ్చిరా యనుదానికి వారి వివేకమే కావలి.

ఒక కుటుంబమును భావించి చూతము. తండ్రి గతించెను. తమ్ముడు ఊర వ్యవసాయము చేయుచు తల్లిని కనిపెట్టుకొని యున్నాడు. అక్క మెల్బోర్నులో నున్నది. "అక్కయ్యా, కచ్చేరిలో పనులు జరుగవలెను, ఒక్క సంతకము చేసి పంపుము" అని తమ్ముడు కాగితము పంపెను. ఆమె యొకింత జంకగా, "తోడబుట్టినవానియందు నమ్మకము లేదా తల్లీ?" అని తల్లి టెలిఫోనులో నొచ్చుకొనెను. ఆమె చదువకయే సంతకము చేసెను. అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, సొమ్ము పుచ్చుకొనుటకు అందు అధికారము వ్రాయబడియున్నది. రెండేండ్ల తరువాత ఆమె వచ్చి చూడగా చేని చుట్టును పరుల ప్రహరి లేచియుండెను. తమ్ముడు దుర్మార్గుడు కాడు. రొయ్యల చెరువులో నష్టపడి, అప్పుల వారి యొత్తిడికి లొంగి, మెల్లగా చెప్పుదమనుకొని చెప్పలేకపోయినాడు.

ఇందు దోషమెవరిది? తమ్మునిదని పలువురందురు, అది నిజమే. కాని అవసరములో నున్న మనుష్యుని చేతికి మేర లేని యధికారమిచ్చి, అతని శీలమును పరీక్షకు పెట్టినవారెవరు? ప్రేమించువానిని అట్టి పరీక్షకు గురిచేయుట ప్రేమ యగునా? "ఎక్కడనైనను బావా యనుము గాని వంగతోటకడ అనకుము" అను సామెత చుట్టరికమును నిందించుటకు పుట్టలేదు. చుట్టరికము నిలుచుటకే పుట్టినది.

స్త్రీల విషయమున ఇది మరింత ఆలోచింపదగినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహితలగు కుమార్తెలకును, 2005 సవరణముచే దేశమందలి కుమార్తెలందరికిని హిందూ ఉమ్మడికుటుంబపు టాస్తిలో కుమారులతో సమానమైన హక్కు కలిగినది. చట్టమిచ్చిన దానిని చదువని కాగితము తీసికొనిపోవుచున్నది. అక్క తన భాగమును తమ్మునికి సంతోషముగా నొసగదలచినచో నొసగుగాక; అది ఔదార్యము. అప్పుడు దానపత్రమే వ్రాయవలయును. తెలియక పోగొట్టుకొనిన దానిని దానమని పొగడుట ఆమె యుదారతకును అవమానమే.

అవతలి పక్షమును మరువరాదు. ఇంటనున్నవాడు తాసీల్దారు కచ్చేరిలో గంటల కొలది నిలుచును, శిస్తు కట్టును, గట్టు తగవులు తీర్చును. విదేశమున నున్నవారు పండుగకొక పలకరింపు పంపి, ఏడాది చివర లెక్కలడుగుదురు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రతినిధి లెక్క చెప్పవలెనన్నది. న్యాయముగా చేసిన పనివలన అతనికి కలిగిన నష్టమును అధికారమిచ్చినవాడు భరింపవలెనని కూడ అన్నది. లెక్క అడుగువారు ఖర్చును, కష్టమును అడిగి యెరుగవలదా?

అధికారపత్రము స్వామ్యమును మార్చునది కాదు. కేవలము సాధారణాధికారపత్రము మూలమున జరిగిన 'అమ్మకము'చే స్థిరాస్తి హక్కు సంక్రమింపదని సుప్రీము కోర్టు 2011లో తీర్పు చెప్పినది. అనగా ప్రతినిధి యెవరైనను పేరు మనదే. అతడు అధికారమునకు లోబడి చేసిన యొడంబడిక మనము చేసినట్లే చట్టము భావించును. కౌలుదారును అన్యాయముగా వెడలగొట్టినను, క్రయధనములో సగము దొంగలెక్కగా పుచ్చుకొనినను, "మేము దూరమున నుంటిమి, మాకు తెలియదు" అనుట న్యాయస్థానమునకు చాలినను అంతరాత్మకు చాలదు. చేతిని అరువిచ్చినవాడు ఆ చేతి పనికి బాధ్యుడు.

కావున మేము కోరునది స్వల్పము. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణము, ఏ పని, ఎంత కాలమో స్పష్టముగా వ్రాయుడు. కౌలుకిచ్చు అధికారమును అమ్ము అధికారముతో కలుపకుడు. అమ్మవలసి వచ్చినచో క్రయధనము యజమాని బ్యాంకు ఖాతాకే చేరునట్లు నిర్ణయింపుడు. అధికారమును ఉపసంహరించునపుడు ప్రతినిధికిని, అతనితో వ్యవహరించువారికిని తెలియజేయుడు. తెలియనంతవరకు వారిపట్ల ఆ రద్దు చెల్లదు.

సంతకమునకు ముందు ఆ కాగితమును ఇరువురును టెలిఫోనులో బిగ్గరగా చదువుకొందురుగాక. వినుటకు తమ్ముడు సిగ్గుపడు వాక్యమున్నచో దానిని కొట్టివేయుడు. అడుగుటకు అక్క సిగ్గుపడు ప్రశ్న యున్నచో దానినే ముందుగా అడుగుడు. ఆ పావుగంట సంకోచమునకు వెరచి యెందరు తోబుట్టువులు పదియేండ్లు పలుకరించుకొనక యున్నారో చదువరులు తమ యూరనే చూడగలరు.