గంగ రాతిమీది పాచి

పవిత్రమైనది మలినం కాగలదా? కాశీ సంకటమోచన ఆలయ మహంత్ వీరభద్ర మిశ్రాకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కూడా అయిన ఆయన గంగలో మునిగేవారు, ఆ నీటిలో కలిసే మురుగు లెక్కా తీసేవారు.

నది తన స్థితిని రాతిమీది పాచిలో రాసిపెడుతుంది. ఆ జారుడు పొరలో ఉండే డయాటమ్‌లు సిలికాతో గోడ కట్టుకునే ఏకకణ జీవులు. హిమాలయపు చల్లని, వడిగల నీటిలో రాతిని కరుచుకునే అక్నాంతిడియం జాతులు వర్ధిల్లుతాయి. కిందికొచ్చేసరికి వడి తగ్గి, మురుగు కలిసి, ఆక్సిజన్ పడిపోయినచోట నిట్జ్‌షియా పేలియా లాంటివి పైచేయి సాధిస్తాయి. వాటికి తీర్థం, రేవు అన్న తేడా లేదు. నత్రజని, భాస్వరం, లవణాలు, వెలుతురే తెలుసు.

ఈ సాక్ష్యం భక్తిని కొట్టివేయదు. జబ్బుపడిన తల్లి తల్లి కాకుండా పోతుందా? 1982లో మిశ్రా స్థాపించిన సంస్థ, కాశీలోని తులసీ ఘాట్‌లోనే గంగ నీటిని పరీక్షించే ప్రయోగశాల పెట్టింది.