ఫలం దక్కని పని

2005 ఏప్రిల్ 27న ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో ఎయిర్‌బస్ ఏ380 తొలిసారి గాలిలోకి లేచింది. రెండంతస్తులు, నాలుగు ఇంజిన్లు, రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 80 మీటర్లు. ప్రయాణికులకు ఎంతో నచ్చింది.

విమాన సంస్థలకు మాత్రం గిట్టుబాటు కాలేదు. రెండు ఇంజిన్ల విమానాలు తక్కువ ఇంధనంతో నేరుగా గమ్యం చేరుస్తుంటే ఇంత పెద్దదాన్ని నింపడం కష్టమైంది. చివరి విమానం 2021లో ఎమిరేట్స్‌కు చేరింది. సంస్థలకు అందినవి మొత్తం 251.

మరి ఆ ఇంజినీర్ల శ్రమంతా వ్యర్థమేనా? ఫలం మీద ఆశతో పని చేయవద్దంటుంది గీత. ఆ మాటను ఓడినవారికి ఓదార్పుగా చెప్పి ఊరుకోవడం అన్యాయం. పనిలో నేర్పే యోగమనీ గీతే చెబుతుంది. కాలాన్ని అంచనా వేయడమూ ఆ నేర్పులో భాగమే.

ఏ380 రెక్కనే చూడండి. మున్ముందు రాబోయే ఇంకా పొడవైన విమానాన్ని దృష్టిలో పెట్టుకుని దాన్ని రూపొందించారు. ఆ విమానం రానేలేదు. రేపటి ఫలం కోసం పెట్టిన ఆ అదనపు బరువును ఎగిరిన ప్రతి విమానమూ మోసింది.