తగవు తీర్చేవాడి న్యాయం

ఇద్దరి మధ్య తగవు వచ్చినప్పుడు ఎవరి పక్షమూ వహించకపోవడమే న్యాయమని మనకు చిన్ననాటినుంచీ నేర్పారు. ఈ సూత్రాన్ని నేనూ చాలాకాలం నమ్మాను. అమీన్‌పూర్‌లో ఒక కిరాయి తగవు నా ముందుకు వచ్చాక ఆ నమ్మకం సడలింది.

తగవు చిన్నది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కాంట్రాక్టు పని చేసే కార్మికుడొకడు భార్యాబిడ్డలతో ఒక గదిలో ఉంటున్నాడు. కిరాయి నెలకు 4,500 రూపాయలు. పని ఆగిపోయింది, కాంట్రాక్టరు చివరి నెల జీతం కూడా ఆపాడు. మూడు నెలలుగా కిరాయి లేదు. ఇంటామె ఖాళీ చేయమన్నది. ఆమె జమీందారు కాదు. భర్త పోయాక వచ్చిన ప్రావిడెంట్ ఫండు సొమ్ముతో మూడు గదులు వేసుకొని, ఆ కిరాయితోనే బతుకుతున్నది.

“సారూ, నేను దోచుకుంటున్ననా? నా మందులు ఎవరు కొంటరు?” అన్నదామె.

“పెద్దమ్మా, నీ పైసలు ఎగ్గొట్ట. జర టైమియ్యి” అన్నాడతను.

ఇద్దరూ నిజమే చెప్పారు.

మన మిత్రుల్లో కొందరికి ఇలాంటి చోట సిద్ధాంతం తేలిక: ఇంటి యజమాని దోపిడీదారు, కిరాయిదారు పీడితుడు. కాని 1872లో ఇళ్ళ సమస్యపై రాసిన వ్యాసాల్లో ఎంగెల్స్ ఈ సమీకరణాన్నే తిరస్కరించాడు. కార్మికుడి శ్రమశక్తిని కొనేవాడు పెట్టుబడిదారు. ఇంటి యజమానితో అతనికున్నది సరుకు కొనేవాడికీ అమ్మేవాడికీ ఉండే సంబంధమేనని ప్రూధోన్ అనుయాయులతో వాదించాడు. కౌలుతో పోల్చితే తేడా మనకు మరింత స్పష్టమవుతుంది. తెలంగాణ రైతాంగ పోరాటం నేపథ్యంలో వచ్చిన 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం, నిర్ణీత కాలం భూమి సాగుచేసినవాణ్ణి రక్షిత కౌలుదారుగా గుర్తించింది. తరువాత చేర్చిన 38-ఇ సెక్షను అతనికి యాజమాన్యానికి దారి చూపింది. అతని చెమట భూమిలో కలిసింది కనుక ఆ హక్కు. గదిలో పదేళ్ళున్నా గోడల్లో చెమట కలవదు. మరి కిరాయిదారు హక్కు దేనిమీద నిలుస్తుంది?

అవసరంమీద నిలుస్తుందని నా సమాధానం. నీడ వాయిదా వేయగల సరుకు కాదు. కొత్త చొక్కా కొనలేనివాడు పాతది తొడుక్కుంటాడు. గది పోయినవాడు రేపటి షిఫ్టుకు ఎక్కణ్ణుంచి వెళతాడు? బాకీ వేరు, నీడ వేరు. బాకీకోసం నీడను తీసెయ్యడమంటే బాకీ తీర్చే శక్తినే తీసెయ్యడం.

చట్టానికి ఈ తేడా బొత్తిగా తెలియదనలేం. కిరాయి కట్టకపోవడం ఉద్దేశపూర్వకం కాదని తోస్తే కంట్రోలరు గడువు ఇవ్వవచ్చునని 1960 కిరాయి నియంత్రణ చట్టం అంటుంది. ఎంత గడువు? 15 రోజులకు మించకుండా! ఆగిన యంత్రం 15 రోజుల్లో తిరుగుతుందా? ఆ గడువైనా అందరికీ లేదు. 2005 సవరణ ప్రకారం మునిసిపల్ కార్పొరేషన్లలో 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్ళు ఆ చట్టానికి వెలుపలే. వెలుపల ఉన్నవారికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. అందులో నెలవారీ కిరాయి 15 రోజుల నోటీసుతో ముగుస్తుంది. ఎందుకు కట్టలేకపోయావన్న ప్రశ్నే రాదు.

2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, వలసవారితో సహా కార్మికులను ఒక నెల కిరాయి అడగరాదని ఉత్తర్వు ఇచ్చింది. బాకీకన్నా నీడ ముందని రాజ్యమే ఒప్పుకుందన్నమాట. కాని ఆ భారం వంద గదులవాడి మీదా, మూడు గదుల ఒంటరి స్త్రీ మీదా ఒక్కలాగే పడింది. తటస్థత అంటే ఇదే. దీన్ని న్యాయమనగలమా?

అప్పుడు నాకు తెలిసివచ్చింది: మా పంచాయితీలో కూర్చోవలసిన మూడోవాడు రాలేదు. జీతం ఆపినవాడు వాడు. ఇద్దరు లేనివాళ్ళ మధ్య తక్కెడ సరిగ్గా పట్టుకున్నానని నేను సంతోషిస్తుంటే, వాడు నిశ్చింతగా ఉన్నాడు. నా నిష్పాక్షికత కాపాడింది వాణ్ణే.

గది ఖాళీ చేయనక్కరలేదనీ, బాకీ కాగితంమీద రాసుకొని పని దొరికాక నెలకు కొంత తీర్చాలనీ, ఆగిన జీతంకోసం ముగ్గురం కలిసి కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ తేల్చాం. వెళ్ళాం, ఇంటామె కూడా వచ్చింది. మొదటిసారి అతను దొరకలేదు. రెండోసారి సగం జీతం ఇచ్చాడు. అది ఆమె చేతికే వెళ్ళింది.

ఇది పూర్తి న్యాయమని నేననను. ఆ మధ్యలో ఆమె మందులు అప్పుచేసి కొనుక్కున్నది. ఆ అప్పు నా తీర్పువల్ల పడినదే. తగవు తీర్చేవాడు మొదట అడగవలసిన ప్రశ్న ‘ఎవరిది తప్పు’ అన్నది కాదు, ‘ఇక్కడికి రానివాడెవడు’ అన్నది. రెండోది: ‘నా తీర్పు భారం ఎవరు మోస్తున్నారు?’